ఫారం 11 అడిగిన ప్రశ్న

2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. ఐర్లండులో ఆదాయపు పన్ను రిటర్నుకి గడువు కూడా అదే తేదీ. ఆన్‌లైనులో దాఖలు చేసి అక్కడే డబ్బు కట్టేవాళ్ళకి నవంబరు 14 దాకా వెసులుబాటు ఇచ్చారుగాని, పని వాయిదా వేస్తే ఏమవుతుందో నా సంగతి నాకు బాగా తెలుసు. అందుకని శ్రీమతి గుమ్మంలో ప్రమిదలు వెలిగిస్తుంటే, వీధిలో పిల్లలు హాలోవీన్ దయ్యాల వేషాల్లో వచ్చి తలుపు తడుతుంటే, నేను వంటింటి బల్ల దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"ఏమోయ్, నువ్వు చివరికి ఇండియా వెళ్ళిపోతావా, ఇక్కడే ఉండిపోతావా?" అని కేకేశాను.

"పండగపూట ఇదేం ప్రశ్నండీ?"

"నాది కాదు, ఫారం 11 ది."

నవ్వుకున్నాంగాని జవాబు మాత్రం ఆ రాత్రి తేలలేదు. మన సంఘంలో చాలా ఇళ్ళలో ఈ ప్రశ్న ఉందని తెలిసి, నేను నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఇక్కడ రాస్తున్నాను. నేను ఇంజనీరునే గాని ఆడిటరుని కాను. మీ లెక్క మీ ఆడిటరుకి చూపించుకోవలసిందే.

మా బావమరిది న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్కులో ఉద్యోగం చేస్తాడు. ఏటా ఒక రాష్ట్రానికి నివాసిగా, ఇంకో రాష్ట్రానికి నివాసి కానివాడిగా రెండు రిటర్నులు వేయలేక చస్తున్నానని వాపోతుంటాడు. "మీకేం, దేశమంతటికీ ఒకటే పన్ను" అంటాడు. నిజమే. కాని ఇక్కడి రెవెన్యూవాళ్ళు ఒకే మనిషిని మూడు కొలతలు తీస్తారు.

మొదటిది రోజుల లెక్క. జనవరి నుంచి డిసెంబరు లోపల 183 రోజులు ఈ దేశంలో ఉంటే ఆ ఏడాదికి మీరు నివాసి. లేదా ఈ ఏడాదీ కిందటేడాదీ కలిపి 280 రోజులున్నా నివాసే. అయితే ఏ ఏట 30 రోజులకి మించి లేరో ఆ ఏడు ఈ లెక్కలోకి రాదు. 2009కి ముందు అర్ధరాత్రి ఇక్కడ ఉంటేనే రోజు కింద జమ. అప్పటినుంచీ రోజులో కాసేపున్నా రోజే. విమానం దిగిన రోజూ, ఎక్కిన రోజూ రెండూ లెక్కే. ఏడాది చివర్లో దిగిన కొత్తవాళ్ళు, పైయేడు కూడా ఇక్కడే ఉండేటట్లయితే, ఆ మొదటి ఏడాదికే నివాసిగా పరిగణించమని కోరుకోవచ్చు. ఈ సంగతి తెలియక పన్ను రాయితీలు కొంత పోగొట్టుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. తిరిగి అడగడానికి నాలుగేళ్ళే గడువు.

రెండోది సాధారణ నివాసం. వరుసగా మూడేళ్ళు నివాసి అయితే నాలుగో ఏటినుంచి ఈ ముద్ర పడుతుంది. మళ్ళీ వరుసగా మూడేళ్ళు నివాసి కాకుండా ఉంటేగాని ఊడదు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయినా వెంట వచ్చే చుట్టమన్నమాట.

అసలు చిక్కు మూడోదానితో. దాన్ని డొమిసైల్ అంటారు. ఇది రోజులతోనూ తేలదు, పాస్‌పోర్టుతోనూ తేలదు. పుట్టినప్పుడు సాధారణంగా తండ్రినుంచి వస్తుంది. ఒక దేశంలో ఉంటూ, ఇక ఎప్పటికీ ఇక్కడే అని మనసులో నిశ్చయించుకుంటేనే మారుతుంది. ఐరిష్ పౌరసత్వం తీసుకున్నంత మాత్రాన మారిపోదు. ఎప్పటికైనా ఊరికి పోతాననేవాడి డొమిసైల్ ఊళ్ళోనే ఉంటుంది. ఇంగ్లండులో ఈ పద్ధతి మీద నడిచిన పన్ను మినహాయింపు 2025 ఏప్రిల్ 6తో పోయింది. ఇక్కడ ఇంకా ఉంది.

దీనివల్ల ఒరిగేదేమిటంటారా? గుంటూరు బ్రాడీపేటలో మాకొక ఇల్లుంది. దాని అద్దె అక్కడి ఎన్నారో ఖాతాలో పడుతుంది. నా డొమిసైల్ ఇండియా అయితే, ఆ డబ్బు ఐర్లండుకి తెచ్చుకున్నప్పుడే ఇక్కడ పన్ను. అక్కడే ఉంచి, అక్కడే ఖర్చుపెట్టుకుంటే లేదు. ఇక్కడి జీతానికి మాత్రం ఇది వర్తించదు. అదే డొమిసైల్ ఐర్లండు అయితే ప్రపంచంలో ఎక్కడి రాబడి అయినా చూపించాలి. అక్కడ కట్టిన పన్నుని 2000లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడ తగ్గించుకోవచ్చు. కాని పొలం కౌలు సంగతి చూడండి. వ్యవసాయాదాయం మీద అక్కడ పన్నే లేదు. కాబట్టి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు, మొత్తం ఇక్కడే కట్టాలి.

ఇందులో నేను చేసిన పొరపాటు చెబుతాను. 2016లో ఇక్కడ ఇల్లు కొన్నప్పుడు, పెళ్ళికి ముందు ఇండియాలో దాచుకున్న డబ్బు తెప్పించాను. ఇక్కడికి రాకముందు సంపాదించింది అసలు కిందే లెక్క, తెచ్చుకున్నా పన్ను లేదు. తీరా చూస్తే అద్దె పడేదీ ఆ ఖాతాలోనే. రెండూ కలిసిన ఖాతాలోనుంచి తెస్తే ముందు వచ్చింది ఆదాయమేనని రెవెన్యూవారి పద్ధతి. అన్నేళ్ళ అద్దెకీ పన్ను కట్టాను. దాచిన డబ్బుకో ఖాతా, అద్దెకో ఖాతా విడిగా ఉంచుకుని ఉంటే ఆ బాధ తప్పేది.

ఇండియా వైపు కూడా రోజుల లెక్క ఉంది, అది ఏప్రిల్ నుంచి మార్చి. సెలవులకొచ్చిన మనబోటివాళ్ళు మామూలుగా 182 రోజులు నిండకుండా చూసుకుంటే చాలు. అక్కడి రాబడి 15 లక్షలు దాటి, ముందు నాలుగేళ్ళలో కలిపి 365 రోజులు అక్కడ గడిపినవాళ్ళకి మాత్రం 2020 సవరణతో అది 120 రోజులయింది. తల్లిదండ్రుల అనారోగ్యంతో నెలల తరబడి ఉండిపోయేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది. వారసత్వం. ఇండియాలో ఎస్టేటు డ్యూటీ 1985లోనే ఎత్తేశారు, అందుకని మనకి ఆ ఊహే రాదు. ఇక్కడ ఉంది, 33 శాతం. డొమిసైల్ ఇండియాలోనే ఉన్నా సరే, అంతకుముందు వరుసగా అయిదేళ్ళు ఐర్లండు నివాసిగా ఉండి, ఇంకా నివాసి లేక సాధారణ నివాసి అయివుంటే, తెనాలి దగ్గర పొలం చేతికి వచ్చినా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఇందాకటి ఒప్పందం దీనికి పనికిరాదు. వారసత్వపు పన్ను మీద ఐర్లండుకి బ్రిటనుతోనూ అమెరికాతోనూ తప్ప ఎవరితోనూ ఒడంబడిక లేదు. తల్లిదండ్రులనుంచి వచ్చేదాంట్లో 4,00,000 యూరోల దాకా మినహాయింపు. 2024 అక్టోబరు 2కి ముందు అది 3,35,000. అది జన్మకంతటికీ కలిపి. 1991 డిసెంబరు 5 నుంచి వాళ్ళిచ్చిన పెద్ద కానుకలన్నీ అందులోనే. నాలుగు లక్షలు పెద్ద మొత్తమే అనిపిస్తుంది. ఎకరం కోట్లలో పలికే చోటు మనవైపు ఒకటా రెండా? పొలం అమ్మకుండా చేతికొచ్చినా పన్ను మాత్రం యూరోల్లోనే కట్టాలి. నాన్నగారితో ఈ మాట ఎత్తడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆయన తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, పొలం కాగితాలంటే ఆయనకి కొట్టినపిండి. కాని బతికుండగా కొడుకు పొలం విలువ అడిగితే ఏ తండ్రికి ఎలా ఉంటుంది? ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత పట్టాదారు పాసుపుస్తకం నకలు తీసి పంపించారు.

మళ్ళీ దీపావళి రాత్రికి వస్తాను. ఐర్లండులో 1986 దాకా భర్త డొమిసైలే భార్యదీ. ఆ ఏడు చట్టం మార్చారు. అందుకే ఫారంలో భర్తకో గడి, భార్యకో గడి. నా గడిలో స్థిరనివాసం ఇక్కడ కాదని గుర్తు పెట్టాను. రిటైరయ్యాక బ్రాడీపేట ఇంట్లో వరండాలో కూర్చుని పేపరు చదువుకోవాలని నాకుంది, అది అబద్ధం కాదు. ఈవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తెరవైపు చూసింది.

"పిల్లలిక్కడ, నేనక్కడా? నా గడి ఊరికే పూరించకండి. ఆలోచించుకోనివ్వండి" అంది.

పన్ను తగ్గుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. నవంబరు 14 దాకా టైముందిగా, ఆ గడి పదిరోజులు అలాగే ఖాళీగా ఉంది. చివరికి ఏం పెట్టామన్నది మా ఇద్దరికీ, మా ఆడిటరుకీ, రెవెన్యూవారికీ తెలుసు.

మొన్న సంక్రాంతి ప్రయాణం గురించి నాన్నగారు ఫోను చేశారు.

"ఎన్ని రోజులుంటార్రా?"

"ఇరవై రెండు రోజులండీ."

"వచ్చే రోజూ వెళ్ళే రోజూ కలుపుకునేనా?" అన్నారు.