అద్దాల చెరువుకు అలుగు

లండన్ దక్షిణ శివారు సిడెన్‌హామ్‌లో, క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో 1871లో ఒక అక్వేరియం తెరిచారు. దగ్గర్లో సముద్రం లేదు. అయినా అద్దాల వెనక ఉన్నవన్నీ ఉప్పునీటి జీవులే. చూడవచ్చిన జనం చేపల ముందు గుమిగూడారు గానీ అసలు విద్య వాళ్ల కాళ్ల కింద ఉంది. నేల అడుగున వెలుతురు సోకని పెద్ద తొట్టి. పైన అద్దాల తొట్లన్నిటిలో పట్టే నీటికి కొన్ని రెట్ల నీరు అందులో ఉండేది. ఆవిరి యంత్రంతో నడిచే పంపులు దాన్ని పైకి తోడేవి. పైకొచ్చిన నీరు తొట్టి నిండి, పొర్లి, చివరికి మళ్లీ అడుగు తొట్టిలోకే దిగేది. సముద్రపు నీటిని మాటిమాటికీ తెచ్చి పోయకుండా, ఉన్న నీటినే తిప్పుతూ నెలల తరబడి జీవాల్ని బతికించే పద్ధతి అది.

ఆ ఏర్పాటు చేసినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. అంతకుముందు లండన్‌లో అక్వేరియం సామాన్ల దుకాణం నడిపాడు. 1864లో తెరిచిన హాంబర్గ్ అక్వేరియం పనీ ఆయనదే. రాగి వంటి లోహాలు ఉప్పునీటిలో కరిగి జీవాల ప్రాణం తీస్తాయని తెలిసి, గొట్టాలకూ పంపులకూ గట్టిపరిచిన రబ్బరు వాడించాడు. ఆంటోన్ డార్న్ నేపుల్స్‌లో సముద్ర జీవశాస్త్ర కేంద్రం కట్టేటప్పుడు నీటి ఏర్పాట్లకు ఈయన సాయమే తీసుకున్నాడు. అక్వేరియాల చరిత్ర చెప్పేవాళ్లు లాయిడ్‌ను రెండు వాక్యాల్లో దాటేస్తారు. నా దృష్టిలో ఆయనకు అంతకంటే చాలా పెద్ద చోటు దక్కాలి. ఇవాళ ఇంటి హాల్లో పగడపు దిబ్బల తొట్టి పెట్టుకున్నవాళ్లు కింది అరలో దాచే సంప్ ఆయన నేలమాళిగే.

లాయిడ్‌కు ఇరవయ్యేళ్ల ముందు రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు తొట్టిలో బంగారు చేపల్ని, నీటి మొక్కను, నత్తల్ని కలిపి పెంచి, ఒకదాని విసర్జన మరొకదానికి ఆహారమయ్యే తీరును 1850లో ప్రచురించాడు. ఆ తొట్టికి బయటికి దారే లేదు కనుక చేప పారిపోయే ప్రశ్న లేదు. నీరు బయటికి వెళ్లి శుభ్రపడి తిరిగి రావాలనుకున్న రోజునే ఈ చిక్కు పుట్టింది. నీటికి దారి ఇస్తే చేపకూ ఇచ్చినట్టే.

మరి ఆ దారిని తొట్టి అడుగున పెట్టి, దానికి గట్టి జాలి బిగిస్తే సరిపోదా? సరిపోదు. కారణం నీటి పైపొరలో ఉంది. చేపల తిండి నుంచి, విసర్జన నుంచి, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే మాంసకృత్తులు, కొవ్వుల అణువుల్లో చాలావాటికి ఒక కొస నీటిని కోరుతుంది, రెండో కొస నీటిని వదిలించుకోవాలని చూస్తుంది. అందుకే అవి నీరూ గాలీ కలిసే చోట చేరి పలచని జిడ్డుపొర కడతాయి. ఆ పొర ముదిరితే నీటి పైభాగం కదలదు, లోపలికి ఆక్సిజన్ దిగడం, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం మందగిస్తాయి. పైగా అడుగున కన్నం పెడితే, కరెంటు పోయి మోటారు ఆగిన రాత్రి తొట్టి నీరంతా సంప్‌లోకి దిగి నేలమీద పారుతుంది. అంచు మీంచి పొర్లే నీటికి ఆ ప్రమాదం లేదు. అంచు మట్టం దాకా దిగి ఆగిపోతుంది. జిడ్డుపొరా దానంతట అదే పోతుంది. కనుక దారి పైనే ఉండాలి, తెరిచే ఉండాలి.

మన చెరువులకు ఉన్న అలుగూ ఇలాంటి దారే. తెలంగాణలో మత్తడి అంటారు. పేరేదైనా, చెరువు నిండినప్పుడు కట్ట తెగకుండా నీటిని పంపే గట్టి అంచు అది. అలుగు దూకే రోజున ఊరివాళ్లు వలలు పట్టుకుని అక్కడికెళ్తారు, నీటితో పాటు చేపలూ దిగుతాయి కాబట్టి. చెరువులో పిల్లల్ని వదిలిన మత్స్యకారులకు అదే నష్టం. వాళ్లు అలుగుకు అడ్డంగా వల కడతారు. కట్టిన వలకు చెత్త, గుర్రపుడెక్క పట్టి నీటికి అడ్డం పడితే మళ్లీ కట్టకే ముప్పు. అద్దాల తొట్టిలోనూ ఇదే పేచీ, కొలతలే చిన్నవి.

ఇంటి అక్వేరియాలకు సంప్ చాలా ఆలస్యంగా వచ్చింది. దశాబ్దాల పాటు జనం అడుగు గులకరాళ్ల కింది పలకతోనో, మూలన గాలి బుడగలు వదిలే స్పాంజితోనో సరిపెట్టుకున్నారు. 1986లో జార్జ్ స్మిట్ ‘ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియం’ అనే అమెరికా పత్రికలో డచ్చి అభిరుచిపరుల పద్ధతిని వర్ణిస్తూ వ్యాసాలు రాశాడు. తొట్టి మూలలో నిలువు పెట్టె, దాని అంచు మీంచి పొర్లిన నీరు కిందికి దిగి, తడిసిన ప్లాస్టిక్ ముక్కల మీద చినుకులుగా రాలడం. ఆ ముక్కలమీద పెరిగే బాక్టీరియా విషపు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. దీనితో ఇళ్లలో పగడాలు పెంచడం ఊపందుకుంది. మూల పెట్టె అంచుకు దువ్వెన పళ్లు వచ్చాయి. పన్నుకూ పన్నుకూ మధ్య సందు సాధారణంగా 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

దువ్వెన చూడ్డానికి తేలికైన ఉపాయం. కానీ దాని లెక్క అందరూ వేయరు. ఆ లెక్క అక్వేరియాల నుంచి రాలేదు, బట్టల మిల్లుల నుంచి వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు లోవెల్ పట్నంలో మెరిమాక్ నది నీటిని మిల్లులన్నీ పంచుకునేవి. ఎవరు ఎంత నీరు వాడుకున్నారో కొలవాల్సిన ఇంజనీరు జేమ్స్ బి. ఫ్రాన్సిస్. అంచు మీంచి పొర్లే నీటి ఎత్తును చూసి పరిమాణం చెప్పే సూత్రాన్ని ప్రయోగాలతో తేల్చి 1855లో పుస్తకంగా అచ్చు వేశాడు. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్కేంద్రంలో తిరిగే టర్బైన్లకు ఉన్నది ఈయన పేరే.

ఆ సూత్రాన్ని తొట్టికి పెడదాం. గంటకు 2000 లీటర్ల నీరు 30 సెంటీమీటర్ల అంచు మీంచి పొర్లితే, అంచు పైన నీటి మందం దాదాపు 1 సెంటీమీటరు. అదే అంచుకు పళ్లు పెడితే దారిలో సగం మూసుకుపోతుంది, మందం 1.6 సెంటీమీటర్లకు పెరుగుతుంది. చేప పోకుండా చేద్దామని పెట్టిన పళ్లు నీటిని మరింత లోతుగా, మరింత వడిగా చేస్తున్నాయి. ఆ సందుల్లో రెండు మూడింటికి నాచు పట్టినా, నత్త ఎక్కి కూర్చున్నా మిగతా సందుల్లో వడి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు పళ్లు తీసేసి, అంచును 120 సెంటీమీటర్ల తొట్టి పొడవునా సాగదీస్తే? లెక్క ప్రకారం మందం 4 మిల్లీమీటర్లకు దిగుతుంది. నీటి వడి పళ్లున్న అంచుతో పోలిస్తే సగం. సెంటీమీటరు ఎత్తున్న చేప 4 మిల్లీమీటర్ల నీటిలో ఈదలేదు. దాన్ని ఆపడానికి అక్కడ ఏ జాలీ లేదు, పలచబడిన నీరు తప్ప.

ఈ విద్యలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. చేప జారిందనగానే మన చెయ్యి సన్న జాలి కోసం వెతుకుతుంది. వెతకాల్సింది నీటికి వెడల్పు.

చేప వైపు నుంచి కూడా చూడాలి. ప్రవాహం తగిలితే ఎక్కువ చేపలు దానికి ఎదురు తిరిగి నిలబడతాయి. ఒంటి పక్కన సాగే పార్శ్వరేఖతో నీటి ఒత్తిడిలో మార్పును పసిగడతాయి. వడి ఉన్నట్టుండి పెరిగే చోటు నుంచి చాలా చేపలు వెనక్కి తగ్గుతాయి కూడా. మరి జారేది ఎప్పుడు? ఎక్కువగా బెదిరినప్పుడు. కొత్తగా తెచ్చి వదిలిన రోజు, పెద్ద చేప తరిమినప్పుడు, చీకట్లో హఠాత్తుగా దీపం వేసినప్పుడు. ఫైర్‌ఫిష్ అనే ఎర్రతోక చేప ఇందుకు పేరుమోసింది, అదిరితే నీళ్లలోంచి ఎగురుతుంది. అలాంటిదానికి అంచు మీది పళ్లు చాలవు, పెట్టెకు మూత ఉండాలి. గప్పీ పిల్లలది వేరే సంగతి. అవి 6 మిల్లీమీటర్ల సందులో తేలిగ్గా దూరిపోతాయి. ఇక అనిమొనీ అనే సముద్ర జీవి. కదలదనుకుంటాం గానీ పాదంతో మెల్లగా జరుగుతూ దువ్వెనదాకా వచ్చి సందుల్లో ఇరుక్కుంటుంది. దాని ఒళ్లు చీలడమే కాక నీటి దారీ మూసుకుపోతుంది.

జారిన చేప అక్కడికక్కడే చావదు. ఆ తర్వాత ఏమవుతుందన్నది పెట్టె లోపలి గొట్టం మీద ఆధారపడుతుంది. గొట్టం మూతి అడుగున ఉంటే నీరు జలపాతంలా పడి పెద్ద శబ్దం, చేప నేరుగా సంప్‌లోకి. రిచర్డ్ డర్సో పేరుతో తెలిసిన గొట్టం పెట్టెలో నీటి మట్టాన్ని పైదాకా నిలుపుతుంది. అప్పుడు పెట్టె ఒక చిన్న కొలనుగా మారుతుంది, జారిన చేప అందులో ఈదుతూ ఉంటుంది. కనబడని చేపను చచ్చిందనుకుని వదిలేసేవాళ్లు ముందు పెట్టెలో, తరవాత సంప్ మొదటి గదిలో, వడపోత సంచిలో చూడాలని వేడుకుంటున్నాను. వారాల తర్వాత కూడా అక్కడ ప్రాణంతో దొరికిన చేపలు ఎన్నో. ఎందుకంటే తిండి తునకలన్నీ నీటితో పాటు అక్కడికే చేరతాయి. గొట్టం మూతికి మాత్రం జాలి కట్టేముందు ఆలోచించాలి. అది మూసుకుపోతే నీరు గది నేల మీదికొస్తుంది. కట్టక తప్పకపోతే, పక్కన జాలి లేని రెండో గొట్టం కాస్త ఎత్తులో ఉండి తీరాలి.

ఇదే లెక్క విద్యుత్కేంద్రాల దగ్గర పెద్ద ఎత్తున కనిపిస్తుంది. యంత్రాల్ని చల్లబరచడానికి అవి నదుల నుంచి, సముద్రం నుంచి నీరు లాగుతాయి. చేపలు జాలికి అంటుకుపోయి చచ్చేవి. 1970లలో వర్జీనియాలోని సర్రీ అణు విద్యుత్కేంద్రంలో పైకి తిరిగే జాలి పలకల అంచున నీరు నిలిచే తొట్లు అమర్చి, చిక్కిన చేపల్ని వాటిలోనే పైకెత్తి తిరిగి నీటిలో వదిలే పద్ధతి పరీక్షించారు. తరవాత అమెరికా పర్యావరణ సంస్థ 2001లో కొత్త కేంద్రాలకు పెట్టిన నియమం జాలి కన్నం సైజుతో ఆగలేదు. జాలి గుండా పోయే నీటి వడి సెకనుకు అర అడుగు, అంటే 15 సెంటీమీటర్లు, దాటకూడదంది. ఆ వడిలో చేప తన రెక్కల బలంతో తాను పక్కకు తప్పుకోగలదు. వడి తగ్గాలంటే జాలి వైశాల్యం పెరగాలి. ఇక్కడా వెడల్పే.

రెక్కల బలమే లేని జీవికి? జెల్లీ చేప సంగతి అది. ఎంత నెమ్మది నీరైనా దాన్ని జాలికి అతికించి చీల్చేస్తుంది. 1968లో జర్మన్ శాస్త్రవేత్త వుల్ఫ్ గ్రేవ దీనికి గుండ్రని తొట్టి చేశాడు. లోపల నీరు నెమ్మదిగా సుడి తిరుగుతుంది, మూలలు లేవు. తరవాత విలియం హామ్నర్ 1990లో మెరుగుపరిచిన నమూనాల తీరులో, లోపలికొచ్చే శుభ్రమైన నీటిని పలచని తెరలా బయటికి వెళ్లే జాలి ముందు నుంచే పోనిస్తారు. జాలి వైపు కొట్టుకొచ్చిన జెల్లీ చేపను ఆ తెర మెల్లగా పక్కకు నెడుతుంది. ఇవాళ పెద్ద అక్వేరియాల్లో చూసే జెల్లీ చేపలు చాలావరకు ఇలాంటి తొట్లలో తిరుగుతున్నవే.

ఆంధ్రప్రదేశ్‌లో చేపపిల్లల కేంద్రాలు నడిపేవాళ్లకు ఇదేమీ వింత కాదు. కట్ల, రోహు గుడ్లు పొదిగే చైనా తరహా గుండ్రని సిమెంటు తొట్టి ఇంచుమించు ఇలాగే పనిచేస్తుంది. అడుగున ఏటవాలుగా అమర్చిన బాతుముక్కు గొట్టాల నుంచి నీరు చిమ్మి, తొట్టి నీటిని ఒకే దిశలో తిప్పుతుంది. నీరు తాగి ఉబ్బిన గుడ్డు వ్యాసం సుమారు 5 మిల్లీమీటర్లు. ఆగితే అడుగున పేరుకుని ఊపిరాడక చస్తుంది కనుక తిరుగుతూనే ఉండాలి. బయటికి దారి నడిమధ్య ఉంటుంది. దాని చుట్టూ సన్నని నైలాన్ జాలి గుండ్రంగా, తొట్టి లోతంతా, నిలువుగా కట్టి ఉంటుంది. జాలి సన్నమైనదే అయినా వైశాల్యం ఎక్కువ కనుక ఏ చోటా గుడ్డును పట్టి లాగేంత వడి ఉండదు. 14 నుంచి 18 గంటల్లో గుడ్లు పగులుతాయి. ఈదడం ఇంకా రాని ఆ పిల్లలు కడుపు కింది పచ్చసొన కరిగేదాకా, దాదాపు మూడు రోజులు, ఆ జాలి చుట్టూనే తిరుగుతాయి. పొట్టు పెంకులు పేరుకుని జాలి మూసుకుపోకుండా ఆ మూడు రోజులూ పనివాళ్లు దాన్ని మెత్తగా రుద్దుతూనే ఉంటారు.