మన ఇంటి పాటలు, మన పెద్దల గొంతులు మన దగ్గరే ఉండాలంటే: ఇంట్లోనే ఒక చిన్న సర్వర్

కడప, కర్నూలు, నిజామాబాద్, హైదరాబాద్ పాతబస్తీ... ఎక్కడ చూసినా చాలా ముస్లిం ఇళ్లలో అల్మారా పైన ఒక పాత క్యాసెట్ల పెట్టె ఉంటుంది. కవ్వాలీలు, నాత్‌లు, ఉలమాల బయాన్లు, ఖుర్ఆన్ తిలావత్. వాటి మధ్యలో పేరు రాయని క్యాసెట్లు కూడా ఒకటి రెండు ఉంటాయి. ఫోన్ చేయడం ఖరీదైన రోజుల్లో గల్ఫ్ నుంచి దాదాయో, మామూయో తన మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపినవి అవి.

కవ్వాలీ క్యాసెట్ పోతే ఆ కవ్వాలీ ఇంకోచోట దొరకవచ్చు. దాదా గొంతు మాత్రం ఇంకెక్కడా దొరకదు. అందుకే ఈ ఆడియోనంతా ఒకచోట చేర్చి, ఇంట్లో అందరూ ఫోన్‌లో వినేలా ఎలా పెట్టుకోవచ్చో తెలుసుకుందాం.

యాప్‌లు ఉండగా ఇదెందుకు?

పాటల యాప్‌లో మనం వినేది అద్దె సరుకు. కంపెనీల మధ్య ఒప్పందం ముగిస్తే పాట మాయమవుతుంది. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫై నుంచి అలాగే పోయాయి. ఒక్కోసారి యాప్ మొత్తమే మూతపడుతుంది. 2020లో గూగుల్ ప్లే మ్యూజిక్‌ను ఆపేశారు. వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు 2024లో ఎయిర్‌టెల్ ప్రకటించింది. ఏళ్ల తరబడి కూర్చుకున్న లిస్టులు వాటితో పాటే పోతాయి. పైగా మన ఇంటి రికార్డింగులు అసలు ఏ యాప్‌లోనూ ఉండవు.

సర్వర్ అంటే ఏమిటి?

పేరు పెద్దదే కానీ పని చిన్నది. ఇంట్లో ఒక కంప్యూటర్‌లో ఆడియో ఫైళ్లన్నీ ఉంటాయి. అందులో నడిచే ఒక సాఫ్ట్‌వేర్ ఆ ఫైళ్లను లిస్టు చేసి, ఫోన్ అడిగినప్పుడు పంపిస్తుంది. ఫోన్‌లో మాత్రం మామూలు పాటల యాప్‌లాగే కనిపిస్తుంది.

ఇందుకు బాగా పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ నావిడ్రోమ్. చాలా తేలికైనది, పాత ల్యాప్‌టాప్‌లోనూ, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసి, ఫైళ్లున్న ఫోల్డర్ చూపించి, బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ అడ్రస్, 4533 అనే పోర్టు నంబర్ కొడితే పేజీ తెరుచుకుంటుంది. మొదట సృష్టించే ఖాతానే అడ్మిన్. తర్వాత అమ్మీకి, అబ్బాకు, పిల్లలకు వేర్వేరు లాగిన్లు ఇవ్వొచ్చు. ఆండ్రాయిడ్‌లో అల్ట్రాసోనిక్, ఐఫోన్‌లో యాంపర్‌ఫై వంటి యాప్‌లు దీనికి కలుస్తాయి. ఒకసారి ఫోన్‌లోకి దించుకుంటే నెట్ లేకపోయినా వినొచ్చు.

పెళ్లి వీడియోలు కూడా చూడాలనుకుంటే జెల్లీఫిన్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇక సంగీతం వినని ఇళ్లలో తిలావత్, బయాన్, పెద్దల మాటలు మాత్రమే పెట్టుకోవచ్చు. ఏం పెట్టాలన్నది పూర్తిగా ఇంటివాళ్ల ఇష్టం.

ఖర్చు లెక్క

రాస్ప్‌బెర్రీ పై సుమారు 5 వాట్ల కరెంటు తీసుకుంటుంది. రోజంతా నడిపినా నెలకు 3.6 యూనిట్లు. పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆపి 20 వాట్లతో నడిస్తే 14.4 యూనిట్లు. ఇంట్లో మూలన పడున్న ల్యాప్‌టాప్ ఉంటే కొత్తగా కొనాల్సింది హార్డ్ డిస్క్ మాత్రమే.

స్థలం విషయానికొస్తే, 60 నిమిషాల క్యాసెట్ 128 కేబీపీఎస్ ఎంపీ3లో 58 ఎంబీ దాకా వస్తుంది. అంటే 100 క్యాసెట్లు 6 జీబీలోపే. క్వాలిటీ ఏమాత్రం తగ్గకూడదంటే ఫ్లాక్ ఫార్మాట్ వాడాలి. అప్పుడు ఒక్కో క్యాసెట్ 300 నుంచి 400 ఎంబీ, 100 క్యాసెట్లు 40 జీబీలోపు. 1 టీబీ డిస్క్‌లో ఇది ఒక మూలకు సరిపోతుంది.

క్యాసెట్‌ను ఫైల్‌గా మార్చడం

బాగా నడిచే టేప్ రికార్డర్ ఒకటి కావాలి. దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి 3.5 ఎంఎం వైరుతో కంప్యూటర్‌కు కలపాలి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో చాలాసార్లు స్టీరియో రాదు, అందుకని చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడితే మంచిది. రికార్డింగ్‌కు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. శబ్దం మీటరు ఎర్ర గీతను తాకకుండా చూసుకోవాలి. ఒకసారి పగిలిన శబ్దం తర్వాత బాగుపడదు.

ఇక్కడ తొందర పనికిరాదు. 60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతుంది. రీలు మీద బూజు కనిపిస్తే టేప్ రికార్డర్‌లో పెట్టొద్దు. రీలు తెగొచ్చు, ఆ బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకోవచ్చు. అలాంటివి ఈ పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

అసలు పని పేర్లు పెట్టడమే

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నావిడ్రోమ్ ఫోల్డర్ పేర్లను బట్టి కాదు, ఫైల్ లోపల రాసి ఉండే ట్యాగ్‌లను బట్టి లిస్టు చేస్తుంది. పాట పేరు, పాడినవారు, ఆల్బమ్, సంవత్సరం అన్నీ అందులో ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఆడియోకు తేదీ, నంబర్ తప్ప పేరే ఉండదు. అలాంటివి వంద వేస్తే వందా 'తెలియని కళాకారుడు' కిందకు పోతాయి.

ట్యాగ్‌లు రాయడానికి కిడ్3, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ ఉచితంగా దొరుకుతాయి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా చూపిస్తుంది. కానీ ఒకే ఖారీ పేరు మూడు రకాలుగా రాస్తే ముగ్గురు ఖారీలుగా చూపిస్తుంది. ఒక పద్ధతి పెట్టుకుని దానికే కట్టుబడాలి.

ఇంటి రికార్డింగులకు ఎవరి గొంతు, ఏ ఊరు, సుమారుగా ఏ సంవత్సరం అన్నది రాయాలి. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు. నానీని, పెద్ద ఖాలాను కూర్చోబెట్టి వినిపిస్తేనే తెలుస్తుంది. ఆ గొంతులను గుర్తుపట్టేవాళ్లు ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి.

బయటి నుంచి వినాలంటే

ఇంటి వైఫైలో ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. బయటి నుంచి వినాలంటే చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో ఇంటికంటూ సొంత అడ్రస్ ఉండదు, అనేక ఇళ్లకు కలిపి ఒకటే ఉంటుంది. అలాంటప్పుడు టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేట్ నెట్‌వర్క్ పనిచేస్తుంది. సొంత వాడకానికి అది ఉచితం. సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి, తేలికైన పాస్‌వర్డ్ పెట్టి వదిలేయడం మాత్రం ప్రమాదం.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. టెయిల్‌స్కేల్ కూడా ఒక రకం వీపీఎన్నే. నేరం చేయడానికో, దాచడానికో వీపీఎన్ వాడితే యూఏఈలో కఠిన శిక్షలున్నాయి. అక్కడి నిబంధనలు చూసుకున్నాకే వాడాలి. సందేహముంటే సెలవుకు వచ్చినప్పుడు మెమరీ కార్డులో కాపీ చేసి ఇవ్వడమే మేలు.

చట్టం, రెండో కాపీ

ఇంట్లో రికార్డు చేసుకున్న మాటలతో సమస్య లేదు. కొన్న క్యాసెట్‌ను మాత్రం మనం వినడానికే ఉంచుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. దాన్ని అందరికీ పంచడం, అమ్మడం కుదరదు.

చివరగా, సర్వర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. హార్డ్ డిస్క్ చెప్పకుండా పోతుంది. ఇంట్లో ఇంకో డిస్క్‌లో ఒక కాపీ, వేరే ఊళ్లో ఉన్న అన్న దగ్గరో అక్క దగ్గరో మరో కాపీ ఉండాలి. ఫైల్‌గా మార్చాక కూడా అసలు క్యాసెట్లను పారేయొద్దు. మొదలుపెట్టేటప్పుడు కవ్వాలీల జోలికి పోకుండా ముందు పేరు లేని క్యాసెట్లు తీయాలి. సర్వర్ వచ్చే నెల పెట్టుకున్నా నష్టం లేదు, ఆ రికార్డింగులు మాత్రం ఈ వారమే ఫైల్‌గా మారితే మంచిది.