గణితశాల తలుపులు

గణితము అందరిదని చెప్పుట సులభము. రెండును రెండును నాలుగగుటకు దేశభేదము లేదు, కులభేదము లేదు, స్త్రీపురుష భేదము లేదు. కాని గణితము వేఱు, గణితజ్ఞుల సమాజము వేఱు. మొదటిది సత్యముల సముదాయము. రెండవది మనుష్యుల కూటమి. కూటమికి తలుపులుండును, తలుపులకు కావలివారుందురు. ఆ కావలి వలన ఎవరికి నష్టము కలుగునో తెలిసికొనుటకు ఎమ్మీ నోథర్ చరిత్రను మేము నిదర్శనముగ తీసికొనుచున్నాము.

ఆమె 1882లో జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున జన్మించెను. తండ్రి గణితాచార్యుడు. 1900లో ఆమె విద్యార్థిని కాగోరునాటికి అచ్చటి విశ్వవిద్యాలయమున స్త్రీలను చేర్చుకొను నియమము లేదు. ఆచార్యులు అనుమతించినచో పాఠము వినవచ్చును, అంతే. ఆ అడ్డంకి తొలగిన పిదప 1907లో ఆమె డాక్టరు పట్టము పొందెను. అటుపై ఏండ్ల తరబడి అచ్చటనే జీతము లేకుండ పనిచేసెను.

1915లో గొట్టింగెన్ ఆచార్యులైన హిల్బర్ట్, క్లైన్ ఆమెను పిలిపించిరి. ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతమున శక్తి నిత్యత్వమునకు సంబంధించిన చిక్కుముడి యొకటి వారిని బాధించుచుండెను. దానిని విప్పగల నేర్పు ఆమెకున్నదని వారెఱుగుదురు. అయినను ఆమెకు బోధనాధికారము నొసగుటకు తోడి ఆచార్యులలో పలువురు సమ్మతింపలేదు. ఇది విశ్వవిద్యాలయమే గాని స్నానశాల కాదు గదా, అభ్యర్థి స్త్రీ యైననేమని హిల్బర్ట్ వాదించెనని చెప్పుకొందురు. వాదము నెగ్గలేదు. ఆమె పాఠములు హిల్బర్ట్ పేర ప్రకటింపబడెను. చెప్పునది ఆమె, పేరు ఆయనది. 1919లో గాని స్వంత పేర బోధించు హక్కు ఆమెకు లభింపలేదు.

ఈ నడుమనే, 1918లో, ఆమె తన సిద్ధాంతమును వెలువరించెను. దాని సారము సామాన్యులకును గ్రాహ్యమే. ప్రకృతి నియమము నిన్న యెట్లుండెనో నేడును, రేపును అట్లే యున్నచో, ఆ స్థిరత్వము నుండియే శక్తి నశింపదను సూత్రము పుట్టును. ఇచ్చట నెట్లో అచ్చటను అట్లే యున్నచో ద్రవ్యవేగము నిలిచియుండును. నేటి భౌతికశాస్త్రమునకు ఇది మూలస్తంభములలో నొకటి. దానిని లోకమునకిచ్చిన నాటికి ఆమెకు జీతముగల పదవి లేదు. 1933లో, యూదురాలనెడి కారణమున, నాజీ ప్రభుత్వము ఆమెను తొలగించెను. అమెరికాలోని బ్రిన్ మార్ స్త్రీల కళాశాల ఆదరించెను. 1935లో ఆమె మరణించెను.

తనకు తలుపు తెరువని చోటనే ఆమె పరులకు తెరచెను. పలు దేశముల యువకులు ఆమె చుట్టును చేరిరి. వారితో నడచుచు, వాదించుచు, తన ఊహలను దాచక పంచుకొనెను. హాలెండు నుండి వచ్చిన వాన్ డెర్ వార్డెన్ ఆ ఊహలను గ్రంథస్థము చేయగా నవీన బీజగణితము లోకమెల్ల వ్యాపించెను.

నియమములు తొలగినంతనే అలవాట్లు తొలగవు. 1936లో మొదలైన ఫీల్డ్స్ పతకము ఒక స్త్రీని చేరుటకు 2014 వరకు పట్టెను. ఆమె ఇరాను దేశీయురాలు మరియం మీర్జాఖాని. భాషయు నొక తలుపే. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. సంస్కృతమెఱుగని తెలుగువానికి దానితో ఒక తలుపు తెరచుకొనెను.

కంటికి కనబడని తలుపులు ఇంకను గలవు. తరగతిలో ముందుగ చేయి ఎత్తినవాడే తెలివిగలవాడని యెంచుట అట్టిది. వేగము వేఱు, లోతు వేఱు. ఉపాధ్యాయుడు “ఇది చాల సులభము” అనినప్పుడు, అర్థము కాని బాలుడు ఇక నోరు విప్పడు. సులభమైనది తనకు రాలేదని సిగ్గుపడును. అన్నకు ప్రైవేటు చెప్పించి, చెల్లెలిని వంటింటికి పిలుచుట మరొకటి. “మా వంశములోనే లెక్కలు రావు” అని తల్లిదండ్రులు నవ్వుచు చెప్పుమాట ఇంకొకటి. పెద్దలకది వేడుక, పిల్లలకది తీర్పు.

ఈ తలుపులు తెరచుటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి కొంత తడవు ఆగవచ్చును. మౌనముగ నున్నవారిని మెల్లగ పలుకరింపవచ్చును. గృహస్థులు చేయదగినది మరియు చిన్నది. మీ అమ్మాయి నోటు పుస్తకమున తప్పు లెక్క కనబడినచో కొట్టివేయకుడు. “ఎట్లు చేసితివమ్మా, చెప్పుము” అని ప్రక్కన కూర్చుండి వినుడు. చెప్పుచున్నప్పుడే తప్పెచ్చటనో పలుమారు ఆమెకే తోచును.