వ్యాపారమున సమాచార వ్యవస్థ

మా పాఠశాలలో విద్యార్థులే నడుపు పుస్తకముల దుకాణ మొకటి కలదు. గత సంవత్సరము దాని లెక్కలు చూచు పని మా తరగతికి వచ్చెను. అమ్మిన ప్రతి పుస్తకమును చిట్టాలో వ్రాసితిమి. చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించితిమి. జమాఖర్చులలో ఒక్క రూపాయి తేడా రాలేదు. అయినను సంవత్సరాంతమునకు నాలుగుగీతల పుస్తకములు బీరువా నిండ మిగిలిపోయెను. పై తరగతులవారు కోరు తెల్లకాగితపు పుస్తకములు మాత్రము సంక్రాంతికి ముందే అయిపోయెను. ఏ సరకు కదలుచున్నదో, ఏది నిలిచిపోయినదో మా చిట్టాలోనే ఉండెను. దానిని ఆ దృష్టితో ఎవరమును తిరుగవేసి చూడలేదు.

చిట్టాలో విడివిడిగా నున్న అంకెలను దత్తాంశములందురు. వానిని పోగుచేసి, పోల్చి, నిర్ణయము చేయవలసినవారికి వేళకు అందించినప్పుడు అవి సమాచార మగును. ఈ పనిని క్రమముగ జరిపించు ఏర్పాటునకే యాజమాన్య సమాచార వ్యవస్థ యని పేరు. కంప్యూటరే వ్యవస్థ యని చాలమంది తలతురు. అది సరికాదు. అంకె చెప్పువారు, వ్రాయువారు, చదువువారు, వారు పాటించు నియమములు, కాగితములు, యంత్రములు అన్నియు కలిసినదే వ్యవస్థ.

లండను నగరమునందలి ఒక టీదుకాణముల కంపెనీ చరిత్ర చూచినచో ఇది తేటపడును. లయన్స్ అను ఆ కంపెనీ క్యాడ్బీ హాల్ అను ఆవరణలో రొట్టెలు, కేకులు తయారుచేయించి తన టీదుకాణములకు పంపుచుండెను. ఒక్కొక్క కేకుపై వచ్చు లాభము స్వల్పము. దాని లెక్క వ్రాయుటకు మాత్రము గుమాస్తాలు ఎందరో కావలెను. 1947లో ఆ కంపెనీ అధికారు లిద్దరు అమెరికాకు వెళ్లి, శాస్త్రజ్ఞులు నిర్మించుచున్న గణనయంత్రములనుగూర్చి తెలిసికొనిరి. అట్టి యంత్రమే తమ దేశమున, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున తయారగుచున్నదని వారికి అక్కడనే తెలిసెను! కంపెనీవారు కేంబ్రిడ్జికి 3,000 పౌనులు సహాయము చేసి, ఆ నమూనాననుసరించి తమ సొంత యంత్రమును కట్టించి, దానికి లియో అని పేరుపెట్టిరి. 1951 నవంబరులో అది రొట్టెల, కేకుల ఖరీదులు లెక్కగట్టసాగెను. వ్యాపారపు లెక్కలను క్రమముగ చేసిన మొదటి కంప్యూటరు ఇదియే. తరువాత జీతముల లెక్కయు దానికి అప్పగించిరి. ఒక ఉద్యోగి జీతము కట్టుటకు గుమాస్తాకు 8 నిమిషములు పట్టుచుండగా లియోకు ఒకటిన్నర సెకను చాలెను.

ఇంతవరకు అది వేగముగల గుమాస్తాయే. అసలు విశేషము 1954లో వచ్చినది. ప్రతి టీదుకాణమునకు వారములో ఏ దినమున ఏమేమి మామూలుగా కావలెనో ముందే కార్డులపై ఎక్కించి యుంచిరి. ప్రతి మధ్యాహ్నము కార్యాలయమునుండి దుకాణమునకు టెలిఫోను పోవును. దుకాణము చూచునామె మొత్తము పట్టిక చదువనక్కరలేదు. మామూలుకంటె ఎక్కువో తక్కువో కావలసినవి మాత్రము చెప్పిన చాలును. టెలిఫోను చెవినుండగనే కార్యాలయమునందలి యువతి ఆ మార్పులను కార్డులలో రంధ్రములు పొడిచి నమోదుచేయును. ఆ ఒక్కసారి వ్రాసిన అంకెలనుండియే ఎంత వండవలెనో, ఏ దుకాణమునకు ఏమి కట్టి పంపవలెనో, ఎంత బిల్లు వేయవలెనో లియో లెక్కించి ఇచ్చుచుండెను. యాజమాన్యము చూడవలసిన నివేదికలును అందుండియే వచ్చుచుండెను. వంటవారును, బండివారును, యజమానులును ఒకే మూలమును నమ్ముకొని పనిచేసిరి. ఎంత సొగసైన ఏర్పాటు!

మూల మొకటే యైనచో మేలెంతయో ప్రమాదమును అంతయే. లియో సంస్థ 1963లో మరియొక సంస్థతో కలిసెను, 1968లో ఐ.సి.ఎల్. అను పెద్ద కంపెనీలో చేరెను, ఆ ఐ.సి.ఎల్. తరువాత జపానువారి ఫుజిత్సు చేతికి పోయెను. ఈ వంశమువారే బ్రిటిషు తపాలాశాఖకు హొరైజన్ అను కంప్యూటరు వ్యవస్థను సమకూర్చిరి. అక్కడ చిన్న తపాలా కార్యాలయములను చాలవరకు మన అంగడివారివంటి వారే నడుపుదురు. భారతదేశమునుండి వెళ్లి స్థిరపడిన కుటుంబములవారును వారిలో కలరు. 1999 తరువాత యంత్రము లేని లోటులను చూపుచు వచ్చెను. మా లెక్క సరిగానున్నదని వారు మొరపెట్టుకొన్నను అధికారులు తెరపై అంకెనే నమ్మిరి. 900 మందికి పైగా దొంగతనము, మోసము, తప్పుడు లెక్కలవంటి నేరములకు శిక్షపడిరి. కొందరు చెరసాలకు పోయిరి. ఆ వ్యవస్థలో లోపములున్నవని 2019లో న్యాయస్థానము తేల్చెను. 2024లో పార్లమెంటు ప్రత్యేకముగ చట్టము చేసి ఆ శిక్షలను రద్దుచేసెను.

క్రిందినుండి వచ్చిన మాటను తిరిగి విను మార్గము అక్కడ లేకపోయెను. అది లేని ఏర్పాటును మేము సమాచార వ్యవస్థ యని పిలువజాలము.

ఈ సంవత్సరము మా దుకాణమున ప్రతి శనివారము ఒక కాగితము వ్రాయుచున్నాము. పదికి తక్కువగా మిగిలిన సరకులు ఒక వైపున, నెలదినములుగా కదలనివి రెండవ వైపున వ్రాయుదుము. పిమ్మట ఆరవ తరగతి బాలుడొకడు బీరువా తెరచి వస్తువులను చేతితో ఎంచి కాగితముతో సరిచూచును. మొన్న రెండు పెన్సిలుపెట్టెల తేడా వచ్చెను. వాడు మరల ఎంచెను. కాగితమే తప్పు.