కారం లేని చేప... పులుపు లేని చేప!

నెల్లూరు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చేపల పులుసే. మా ఇంట్లో అయితే చేప వచ్చిందంటే ఇక అడిగేదే లేదు, పొయ్యి మీద దాక ఎక్కాల్సిందే. చింతపండు పులుసు, గుంటూరు మిరప్పొడి, మామిడికాయల కాలమైతే నాలుగు పుల్లటి ముక్కలు. రాత్రి వండి పొద్దున తింటే దాని రుచే వేరు. అట్లాంటి ఇంట్లో నేను చేపకు వెన్న రాసి, ఓవెన్‌లో పెట్టి వడ్డించానంటే మా చుట్టాల్లో నవ్వని వాళ్ళు లేరు. "ఏం, దొరల భోజనమా?" అని మా తోడికోడలు వారం రోజులు ఆటపట్టించింది. ఎందుకు చేయాల్సి వచ్చిందో వింటే మీరు నవ్వరు.

పోయిన ఏడాది మా అత్తమ్మకు కడుపులో పుండు పడింది. మందులతో పాటు, మూడు నెలలు కారం, పులుపు, పచ్చళ్ళు దగ్గరికి రానీయొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆమెకు డెబ్భై రెండేళ్ళు. పుట్టింది మైపాడు దగ్గర పల్లెలో. బుద్ధి తెలిసినప్పటి నుంచి సముద్రం చేప తిని పెరిగిన మనిషి. మజ్జిగన్నం, ఇడ్లీ, బీరకాయ చప్పిడి కూర నాలుగు రోజులు తిన్నారు. అయిదో రోజు నుంచి రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేయడం మొదలుపెట్టారు. చేప ముక్కలు ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టి ఇచ్చాను. ఒక తునక నోట్లో పెట్టుకుని, "ఆస్పత్రి కూడు మాదిరి ఉండాదమ్మే, నాకొద్దు" అన్నారు. నెల తిరిగేసరికి జాకెట్లన్నీ వదులైపోయాయి. అన్నిటికన్నా బాధనిపించింది ఏమిటంటే, వీధిలో చేపలమ్మి కేకేస్తే ఎప్పుడూ అందరికన్నా ముందు గడప దాటే మనిషి, ఆ కేక వినిపిస్తే లేచి లోపలి గదిలోకి పోయేవారు.

ఆ రోజుల్లోనే మా ఆడపడుచు కొడుకు ఆస్ట్రేలియా నుంచి ఫోన్ చేశాడు. చదువుకుంటూ సాయంత్రాలు ఒక హోటల్ వంటింట్లో పనిచేసేవాడు. అమ్మమ్మ సంగతి చెప్తే, "అత్తా, ఇక్కడ బారముండి అని ఒక చేప ఉంది. వెన్న, ఆకులు, నిమ్మకాయ వేసి ఓవెన్‌లో పెడతారు. కారం అనేదే ఉండదు. ఆ చేప మన పండుగప్పే!" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. తర్వాత ఫోటో పంపిస్తే చూశాను. నిజమే, అదే మూపు, అదే గుండ్రటి తోక. బారముండి అంటే అక్కడి ఆదిమవాసుల భాషలో పెద్ద పొలుసుల ఏటి చేప అని అర్థమట. బెంగాలీల భేట్కీ కూడా ఇదే. మన పక్కన తమిళులు కొడువా అంటారు.

ఈ చేపతో మా ఇంటికి పాత వైరం ఉంది. 1990ల్లో మా మామయ్య గారు రొయ్యల గుంట వేశారు. కాలవ నీళ్ళతో పాటు పండుగప్ప పిల్ల ఒకటి లోపల దూరిందంటే రొయ్యల్ని మింగుతూ తను పెరిగేది. పట్టుబడి రోజున వలలో అది కనిపిస్తే ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ తిట్టిన చేపే రాత్రికి పులుసయ్యేది, అది వేరే సంగతి. 1994-95లో తెల్లమచ్చ జబ్బు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు గుంటలు పోయినప్పుడు మాదీ పోయింది. ఇప్పుడు చూడండి చిత్రం, ఆ దొంగ చేపనే కావాలని గుంటల్లో పెంచుతున్నారు. చెన్నైలోని సీబా అనే కేంద్ర పరిశోధనా సంస్థ వాళ్ళు 1997లో మన దేశంలో మొదటిసారి దీనితో గుడ్లు పెట్టించి పిల్లలు తీశారు. ఇంకో వింత ఏమిటంటే ఈ చేప మగదిగా పెరిగి, కొన్నేళ్ళ తర్వాత ఆడదిగా మారుతుంది. ఈ మాట చెప్తే మా అత్తమ్మ, "అందుకేనేమో అంత రుచి" అన్నారు.

సరే, నా ప్రయత్నం దగ్గరికి వస్తాను. మొదటిసారి చెడగొట్టాను. ఆ రోజు పండుగప్ప దొరకలేదు. ఏ చేప అయితే ఏంలే అని వంజరం ముక్కలు తెచ్చి, కేకు చేసే ఓవెన్‌లో పెట్టి, ఉడికిందో లేదో అనే భయంతో ముప్పావు గంట వదిలేశాను. పైన వేసిన వెన్న మాడి నల్లబడింది. ముక్క దూదిలాగా పొడిపొడిగా అయిపోయింది. మా వారు ఏమీ అనకుండా పెరుగన్నం కలుపుకున్నారు. ఏమన్నా అంటే బాగుండేది.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది. చేప మాంసం మేక మాంసం కాదు, మెత్తటిది, నిమిషాల్లో ఉడుకుతుంది. ఇంకా వేడి తగిలేకొద్దీ లోపలి నీరంతా బయటికి పిండేసుకుంటుంది. పులుసులో అయితే చుట్టూ రసం ఉంటుంది గనుక మన తప్పు కనపడదు. ఓవెన్‌లో దాచుకోవడానికి ఏమీ లేదు. వంజరంలో కొవ్వు తక్కువ, అది వేపుడుకు రాజు గానీ దీనికి పనికిరాదని నా అభిప్రాయం. పండుగప్ప అయితే తోలు కింద సన్నటి కొవ్వు ఉంటుంది. పెద్ద చందువా కూడా బాగుంటుంది.

ఇంకొక చిక్కు. వెన్న పేరు ఎత్తగానే అత్తమ్మ, "చేపలోకి పాలదా? బొల్లి వస్తుందమ్మే!" అని రెండు చేతులూ అడ్డం పెట్టారు. చేప తిన్నాక పాలు, పెరుగు ముట్టకూడదని మనందరం విన్నదే. చర్మం డాక్టర్లు మాత్రం, బొల్లి అనేది చర్మానికి రంగునిచ్చే కణాలు పోవడం వల్ల వచ్చేదనీ, చేపా పాలూ కలిపి తిన్నందువల్ల కాదనీ చెప్తారు. నేను చెప్తే ఆమె వింటారా? తర్వాతి సారి డాక్టరు గారి దగ్గరికి పోయినప్పుడు ఆయన చేతే చెప్పించాను. కొంచెం వెన్న ఫరవాలేదు, నిమ్మరసం, మిరియాలు మాత్రం ఆమె ముక్కకు వద్దన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి బాధ ఉంటే మీ డాక్టరును అడిగే చేయండి.

ఇక చేసే విధానం.

కావలసినవి: కిలో బరువున్న పండుగప్ప ఒకటి (పొలుసు, మొప్పలు, పొట్ట తీయించి), వెన్న 75 గ్రాములు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, కొత్తిమీర గుప్పెడు, పుదీనా ఆకులు ఏడెనిమిది, వామాకులు మూడు, నిమ్మకాయ ఒకటి, ఉప్పు ఒకటిన్నర టీస్పూను, పసుపు చిటికెడు, మిరియాల పొడి అర టీస్పూను, లేత అరిటాకు.

చేప కొనేటప్పుడు కన్ను చూడండి. ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి రావాలి. పులుసుకైతే చింతపండు కొంత కప్పిపెడుతుంది, దీనికి ఒక్క పూట నిలవున్న చేప అయినా తెలిసిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కదా, ఆ రోజుల్లో గుంటల్లో పెంచిన పండుగప్ప తాజాగా దొరికితే అదే తీసుకోండి.

చేపను రాళ్ళ ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగి, గుడ్డతో తడి లేకుండా అద్దండి. తడి ఉంటే చేప కాలదు, ఉడుకుతుంది. రెండు పక్కలా మూడేసి గాట్లు పెట్టి ఉప్పు, పసుపు పట్టించి పావుగంట ఉంచండి. ఈలోపు కొత్తిమీర, పుదీనా, వామాకు, వెల్లుల్లి సన్నగా తరిగి మెత్తటి వెన్నలో కలపండి. పాశ్చాత్యులు దీనికి పార్‌స్లీ, ఓరెగానో వంటి ఆకులు వాడతారు. అవి లేవని దిగులు పడనక్కర్లేదు. మన పెరటి కుండీలో పెరిగే వామాకుకు ఇంచుమించు ఆ ఓరెగానో వాసనే ఉంటుంది. మూడాకులు మించితే మాత్రం చేప దగ్గుమందు వాసన కొడుతుంది, జాగ్రత్త.

కలిపిన వెన్నలో సగం గాట్లలోకీ, పొట్టలోకీ కూరండి. మిగతా సగం ఫ్రిజ్‌లో పెట్టండి, దాని అవసరం చివర్లో వస్తుంది. అరిటాకును సెగ మీద చూపించి మెత్తబరిచి, చేపను అందులో చుట్టండి. ఓవెన్‌ను ముందే 200 డిగ్రీలకు వేడిచేసుకుని, అంచులున్న పళ్ళెంలో చేపను పెట్టి పాతిక నిమిషాలు ఉంచండి. తీసి ఆకు విప్పి, వెన్నెముక దగ్గర లావు చోట ఫోర్కుతో గుచ్చి చూడండి. కండ తెల్లబడి రేకులు రేకులుగా విడితే అయినట్టే. అద్దంలాగా కనపడితే ఇంకో అయిదు నిమిషాలు.

ఈ అరిటాకు ఉపాయం నాది కాదు, అత్తమ్మది. మొదటిసారి నేను చేసిన నిర్వాకం చూసి, "చిన్నప్పుడు మా నాయన ఇసకలో నిప్పులేసి, ఆకులో చుట్టి కాల్చేవాడు. బట్టబయలుగా పెడితే ఎండిపోదూ?" అన్నారు. నెల రోజుల తర్వాత వంట గురించి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

సాసు అంటే పెద్ద పనేమీ కాదు. ఆకులో, పళ్ళెంలో ఊరిన చేప రసాన్ని చిన్న గిన్నెలోకి వంచి ఒక పొంగు రానివ్వండి. గిన్నె దించేసి, ఫ్రిజ్‌లో దాచిన చల్లటి వెన్నను కొంచెం కొంచెంగా వేస్తూ గరిటెతో తిప్పుతూ ఉండండి. చిక్కగా, మీగడలాగా వస్తుంది. పొయ్యి మీద ఉంచి మరిగించారో, వెన్న కరిగి నెయ్యిలా పైకి తేలి నూనె కూర అయిపోతుంది. నిమ్మరసం, మిరియాల పొడి తినేవాళ్ళ వాళ్ళ ముక్కల మీదే వేయండి. గూడూరు నిమ్మకాయ అయితే అర చెక్క చాలు. పక్కన ఉడికించిన బంగాళాదుంప, బీన్సు పెట్టాను. మా ఇంట్లో అన్నం లేకపోతే భోజనం కాదు గనుక వేడన్నం కూడా.

ఓవెన్ లేని వాళ్ళు అంగుళం మందం ముక్కలు తీసుకుని ఇట్లాగే వెన్న రాసి, ఒక్కో ముక్కనూ అరిటాకులో చుట్టి, దోసె పెనం మీద సన్నటి సెగన మూతపెట్టి ఒక్కో పక్క ఏడెనిమిది నిమిషాలు కాల్చుకోవచ్చు. ఆకు మాడిన వాసన చేపకు పడుతుంది, నన్నడిగితే అదే ఎక్కువ బాగుంటుంది. రెండోసారి కరెంటు పోయినప్పుడు నేను చేసింది అట్లాగే.

ఆ రాత్రి అత్తమ్మ కంచం ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నారు. ఆకు నేనే విప్పాను. పొగతో పాటు కొత్తిమీర, వెన్న వాసన లేచింది. ముల్లు ఏరి ఒక రేకు అన్నంలో కలుపుకుని తిన్నారు. ఏమీ అనలేదు. ఇంకో రేకు తీసుకున్నారు. మా అమ్మాయి ఏదో అడగబోతే నేను కళ్ళతోనే వద్దన్నాను. అట్లా ఒక పక్క సగం చేప అయిపోయాక, "పొట్ట కాడ ముక్క పెట్టమ్మే, అది వాడి వైపు ఉండాది" అన్నారు మా వారిని చూపిస్తూ.

ఇప్పుడు ఆమెకు పుండు మానిపోయింది. పులుసు కూడా కొద్దిగా తింటున్నారు, పులుపు తగ్గించి. అయినా ఆదివారం చేపలమ్మి కేకేస్తే ముందు గడప దాటి, మొప్పలెత్తి చూసి, బేరమాడి, లోపలికి వస్తూ నాతో అంటారు: "పెద్దది పులుసుకి. ఈ కిలోది నీ పెట్టెలోకి. ఆకు నేను కోసుకొస్తాలే."