మధ్యాహ్నపు మాత్ర ఎవరి చేతిలో?



షూనేమీయురాలి కుమారుని సంగతి మనకు తెలిసినదే (2 రాజులు 4వ అధ్యాయము). కోతకాలములో తండ్రి పొలములో ఉన్నాడు. తలనొప్పితో వచ్చిన పిల్లవానిని పనివానిచేత తల్లి యొద్దకు పంపాడు. మధ్యాహ్నానికి ఆ బిడ్డ తల్లి ఒడిలోనే చనిపోయాడు. ఎలీషా ద్వారా దేవుడు వానిని తిరిగి బ్రతికించాడు. అయినను ఆ తండ్రికి ఎదురైన చిక్కు మన నిజామాబాదు, బోధన్ పల్లెలలో నేటికిని ఉన్నది. చెరకు నరకడానికో, పసుపు తవ్వడానికో పొద్దున్నే పోయినవారు చీకటి పడితే గాని ఇల్లు చేరరు. అంతవరకు బిడ్డ బడిలో ఉంటుంది.

ఇండ్లను దర్శించునప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటున్నది: "పిల్లకు ఫిట్స్ వస్తాయని బడిలో చెప్పలేదు అయ్యగారూ, ఆడపిల్ల గదా, రేపు పెండ్లి కావద్దా?" తల్లి భయము మాకు తెలుసు. కాని సంగతి తెలియని టీచరు ఆ ఘడియలో ఏమి చేయగలదు?

దాచుట వలన కలిగే నష్టము మన జిల్లాకు కొత్త కాదు. కుష్ఠురోగులను ఊరికి దూరముగా ఉంచిన రోజులలో స్కాట్లండు నుండి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, రాజా నర్సాగౌడ్ గారి ధనసహాయముతో, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రిని తెరిచారు. తరువాత 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధికి కొన్ని మందులు కలిపి వాడే చికిత్సను సిఫారసు చేసింది. ఆ మాత్రలు 28 రోజులకు వరుసగా పేర్చిన అట్టలో వస్తాయి. నెలకొకసారి వేసుకునే మోతాదును ఆరోగ్య కార్యకర్త ఎదుట మింగాలి. ఏ రోజుది ఏ మాత్రో తెలియాలి, మింగేటప్పుడు చూచేవారు ఉండాలి. బడి పిల్లల మందుకు కూడా ఇదే పద్ధతి మంచిది.

మొదట డాక్టరును ఒక మాట అడగండి. "రోజుకు మూడుసార్లు" అన్న మందును ఉదయము, బడి నుండి రాగానే, పడుకునే ముందు ఇవ్వవచ్చునా? కొన్ని మందులకు ఇది కుదురుతుంది. అప్పుడు బడికి మందు పంపే పనే లేదు. తప్పనిసరిగా మధ్యాహ్నమే వేయాలంటే మాత్రను కత్తిరించి కాగితములో చుట్టి పంపవద్దు. పేరు, గడువు తేదీ కనబడే అట్టతోనే పంపండి. టానిక్కులకు, సిరప్పులకు సీసాతో వచ్చిన కొలత మూతనే వాడాలి. వంటింటి చెంచాలన్నీ ఒక్క కొలత కావు. మందును పిల్లవాని సంచిలో వేయక టీచరు చేతికి ఇవ్వండి. తోటి పిల్లలు దానిని పిప్పరమెంటు అనుకోవచ్చు. వెంట ఒక చీటీ ఉండాలి: బిడ్డ పేరు, తరగతి, జబ్బు, మందు, ఎంత, ఎన్ని గంటలకు, మీ ఫోను నంబరు, మీరు పొలములో ఉంటే రాగల పొరుగువారి నంబరు.

ఉబ్బసము ఉన్న బిడ్డకు మాత్రము పీల్చే మందు దగ్గరలోనే ఉండాలి. బీరువాలో తాళము వేసి ఉంటే ఆయాసము ఆగదు గదా.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టవద్దు, ఉల్లిపాయ వాసన చూపవద్దు, నోటిలో ఏమియు పెట్టవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలలో ఆగకపోతే 108కి ఫోను చేయాలి.

ఇన్సులిన్ తీసుకొనే బిడ్డకు చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్లు తిరిగితే షుగర్ పడిపోయిందేమో అని అనుమానించాలి. తెలివి ఉంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించాలి. తెలివి లేకపోతే నోటిలో ఏమియు పోయక 108ని పిలవాలి. ఇటువంటి పిల్లలు బడిలో రక్తపరీక్ష చేసుకొనుటకు, ఇన్సులిన్ తీసుకొనుటకు, మధ్యలో ఏదైనా తినుటకు అనుమతించవలెనని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు వ్రాసింది. బోధన్ శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ 2015లో మూతపడినది గాని, చక్కెర పేరు మోసే సీమలో గుప్పెడు చక్కెర అందక ఒక బిడ్డ పడిపోరాదు.

నులిపురుగుల మాత్ర ఇచ్చే దినములలో, అనగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న, బిడ్డకు జ్వరమున్నా, వేరే మందులు వాడుచున్నా ముందుగానే టీచరుకు తెలుపండి.

కొందరు విశ్వాసులు, "ప్రార్థన చేయించాము గనుక మాత్రలు ఆపినాము" అంటారు. ప్రార్థనకును మాత్రకును పోటీ లేదు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ విడువక వచ్చే ప్రమాదమున్నది. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. మేము ప్రార్థించుట మానము, మీరు మాత్ర మానవద్దు.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చారు. మన బిడ్డకు కూడా నలుగురు కావాలి: తల్లి, తండ్రి, డాక్టరు, టీచరు. టీచరుకు తెలియకపోతే మంచము ఒక మూల ఒరిగిపోతుంది. వచ్చే సోమవారము పనికి పోయే ముందు అరగంట బడికి వెళ్లి ఆ చీటీ ఇచ్చి రండి.