ఫ్యానుకు రెండు ధరలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద వరి పండించు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలోను, సూర్యాపేట మార్కెట్టు యార్డుకు ధాన్యము తోలు గ్రామములలోను ఇంటి సామాను కొనుటకు ఒక కాలమున్నది. ధాన్యము డబ్బు చేతికి రాగానే ఫ్యాను, ఫ్రిజ్, టెలివిజను కొనుటకు రైతు పట్టణమునకు పోవును. విత్తనము కొనునపుడు మొలక శాతమెంతయని అడుగు రైతు, ఎరువు బస్తాపై నత్రజని అంకె చదువు రైతు, ఈ దుకాణములో మాత్రము ధర ఒక్కటే అడిగి ఊరుకొనును. కరెంటుతో నడుచు ప్రతి వస్తువునకు రెండు ధరలు కలవు. మొదటిది దుకాణములో చెల్లింతుము. రెండవది నెలనెల మీటరు వద్ద చెల్లింతుము.

ముందుగా ఫ్యాను సంగతి చూతము. సాధారణపు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొనును. బి.ఎల్.డి.సి. అను కొత్తరకపు మోటారు గల ఫ్యాను 30 వాట్ల ప్రాంతములో అదే గాలి నిచ్చును. ఇందులో తీగచుట్టల కరెంటుతోపాటు అయస్కాంతములు కూడ పనిచేయుటచే వృథాగా వేడియగు శక్తి తక్కువ. దినమునకు 15 గంటలు తిరిగినచో మొదటి ఫ్యాను నెలకు దాదాపు 34 యూనిట్లు, రెండవది పదమూడున్నర యూనిట్లు కాల్చును. తేడా 20 యూనిట్లు. మూడు ఫ్యానులున్న ఇంటిలో నెలకు 60 యూనిట్లు మిగులును.

ఈ 60 యూనిట్ల విలువ ఇంటింటికి ఒక్కరీతిగా నుండదు. ఇదియే రైతులు ముఖ్యముగా గమనింపవలసిన విషయము. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద ఆహార భద్రతా కార్డు గల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 200 దాటిన నెలలో మాత్రము మొత్తము బిల్లు కట్టవలెను. పథకము వర్తించని ఇండ్లకు కూడ ఈ 200 అను గీత బరువైనదే. 2022–23 ధరల పట్టిక ప్రకారము సరిగా 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి నూరు యూనిట్లకు 3 రూపాయల 40 పైసల వంతున, తరువాతి నూటికి 4 రూపాయల 80 పైసల వంతున 820 రూపాయలగును. 201 యూనిట్లు కాల్చినచో మొదటి 200 యూనిట్లకును 5 రూపాయల 10 పైసల వంతున పడి, ఆ ఒక్క యూనిటుకు 7 రూపాయల 70 పైసలు చేరి, 1,027 రూపాయల 70 పైసలగును. ఇతర చార్జీలు వేరు. ఒక్క యూనిటు వలన 200 రూపాయలకు పైగా భారము! వేసవిలో 230, 240 యూనిట్లు వచ్చు ఇంటిలో మూడు ఫ్యానులు మార్చినచో గీత దాటకుండ నుండవచ్చును.

గీతతో పనిలేని ఇంటికైనను లెక్క కుదురును. కొత్తరకము 1,200 రూపాయలు ఎక్కువనుకొందము. యూనిటు 4 రూపాయల 80 పైసల చొప్పున 20 యూనిట్లకు నెలకు 96 రూపాయలు. ఫిబ్రవరిలో బిగించినచో రెండవ వేసవి ముగియునాటికి ఆ సొమ్ము తిరిగి వచ్చును. వోల్టేజి తక్కువగా నుండు గ్రామములలో ఈ ఫ్యాను వేగము అంతగా తగ్గకపోవుట మరియొక మేలు.

చిక్కు కూడ చెప్పవలెను. సాధారణపు ఫ్యాను చెడినచో కండెన్సరు మార్చువాడు, వైండింగు చేయువాడు ప్రతి పట్టణములోను దొరకును. బి.ఎల్.డి.సి. ఫ్యానులో ఎలక్ట్రానిక్ బోర్డు చెడినచో కంపెనీవారి బోర్డే కావలెను. ఆ కంపెనీ సర్వీసు కేంద్రము సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో లేనిచో, కొంచెము చౌకయైనను ఆ ఫ్యాను జోలికి పోకుండుట మేలని మా అభిప్రాయము. దీనిని పాత గోడ రెగ్యులేటరు ద్వారా కలుపరాదు. ఎలక్ట్రీషియనుతో చెప్పి దానిని తప్పించి, వైరు నేరుగా ఇప్పించవలెను.

సీలింగు ఫ్యానులకు నక్షత్రముల లేబుల్ 2023 జనవరి 1 నుండి తప్పనిసరి యయ్యెను. ఫ్రిజ్ లేబుల్‌పై ఏడాదికి ఎన్ని యూనిట్లు కాల్చునో అంకె ఉండును. నక్షత్రములతోపాటు అచ్చయిన కాలపరిమితిని కూడ చదువవలెను. ప్రమాణములు కొన్ని ఏండ్లకొకసారి కఠినమగుచుండుటచే పాత పట్టికలో అయిదు నక్షత్రములు పొందిన సరుకు కొత్త పట్టికలో మూడో నాలుగో పొందవచ్చును. అయితే ఒక తలుపు చిన్న ఫ్రిజ్ విషయములో నక్షత్రములకై ఎక్కువ డబ్బు పోయనక్కరలేదు. ఒకటి ఏటా 230 యూనిట్లు, రెండవది 150 యూనిట్లు అనుకొన్నను తేడా 80 యూనిట్లు, అనగా 384 రూపాయలు. దీనికై 3,000 అదనముగా పెట్టినచో తిరిగి రాబట్టుటకు ఎనిమిదేండ్లు పట్టును.

కోదాడవారు విజయవాడకు పోయి కొనుట పాత అలవాటు. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట సరిహద్దుకు ఈవల, ఆవల పన్ను ఒక్కటే. అచ్చు ధరలో పన్నులన్నియు చేరియుండును. అంతకన్న తక్కువకు బేరమాడుటకు అడ్డులేదు. ఫోనులో కనిపించు ఆన్‌లైను ధరను స్థానిక దుకాణదారునికి చూపి అడుగవచ్చును. రవాణా, బిగింపు ఖర్చులు కలిపి పోల్చవలెను. మోయించుకొని తెచ్చిన దూరపు సరుకు చెడినపుడు మరల మోయవలసి వచ్చునని మరువరాదు.

ఇక వాయిదాలు. “వడ్డీ లేదు” అను బోర్డు చూచి మురియక, ముందుగా “నగదుకైతే ఎంత?” అని అడుగవలెను. ఒక టెలివిజను నగదుకు 22,000, వాయిదాలకు నెలకు 4,000 వంతున ఆరు నెలలు, పైగా 500 రూపాయల ప్రాసెసింగు రుసుము అనుకొందము. చెల్లించునది 24,500, అదనము 2,500. నెలనెల అసలు తీరుచుండును కనుక లెక్కవేసినచో ఇది నూటికి నెలకు మూడు రూపాయలు దాటిన వడ్డీ. ఊరి వ్యాపారి ఈ రేటు చెప్పినచో వెనుదిరుగువారు దుకాణములో సంతకము చేయుదురు! క్రెడిట్ కార్డుల సున్న వడ్డీ పథకములలో వడ్డీని రుసుము రూపములో దాచుచున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించెను.

బిల్లు లేనిదే సరుకు ఇంటికి తేరాదు. బిల్లుపై మోడలు, సీరియలు సంఖ్య, తేదీ ఉండవలెను. దానిని ఫోనుతో ఫొటో తీసి యుంచుకొనవలెను, కాగితముపై సిరా ఏడాదిలో మాయును. వారంటీలో బాగుచేయ నిరాకరించినచో 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫిర్యాదు చేయవచ్చును. 2020 జులైలో అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము కొన్న చోటనే గాక తాను నివసించు జిల్లా కమిషనులో కూడ కేసు వేయవచ్చును. సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపైనచో రుసుము లేదు. గ్రామాధికారులు ఈ నంబరును, కరెంటు ధరల పట్టికను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించినచో చదువ వచ్చినవారు రానివారికి చెప్పుదురు.